మరకకి అయిదు లింకులు

కాకినాడలో హంసధ్వని రెసిడెన్సీ అనే నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో నీళ్ళ ట్యాంకు కడిగారా లేదా అన్న విషయం మీద రెండు పార్టీలు ఏర్పడ్డాయి. కడిగారని కొందరు, కడగలేదని కొందరు. కడిగిన మనిషి ఊళ్ళో లేడు. కడిగించిన సెక్రటరీకి జ్ఞాపకం లేదు. మూత తీసి చూస్తే సరిపోతుంది కదా అని ఎవరో అనబోయారు గాని, అప్పటికే రెండు పార్టీల ఆడవాళ్ళూ ఒకరింటి పేరంటానికి ఒకరు వెళ్ళడం మానేశారు. వ్యవహారం అంత దూరం వచ్చాక మూత తీయడం లాంటి చిన్న పని చేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ గొడవలో పాత సెక్రటరీ దిగిపోయాడు. ఆడిట్ ఆఫీసులో రిటైరైన పేరి సోమయాజులు గారు కొత్త సెక్రటరీ అయ్యారు. ఆయన మొదటి మీటింగు సెల్లారులో, కార్ల మధ్య, తన ఇంటి కంప్యూటరుని కిందికి మోయించి, ఒక తెల్ల దుప్పటి కట్టి, దాని మీద ప్రొజెక్టరు వేయించి మరీ పెట్టారు. దుప్పటి మీద ఒక ఎక్సెల్ షీటు కనిపించింది. అందులో వరుసగా లిఫ్టు, మోటారు, ట్యాంకు, గేటు అని నీలం అక్షరాల్లో రాసి, కింద గీతలు ఉన్నాయి.

"సభ్యులకు మనవి," అన్నారు సోమయాజులు గారు. "ఇకమీదట ఈ అసోసియేషన్లో ఆధారం లేని వరుస ఉండదు. ప్రతి వరుసకీ ఒక లింకు. ప్రతి లింకు వెనకా ఒక ఫైలు. ఫైలు ఉంటే జరిగినట్టు. లేకపోతే జరగనట్టు."

అని ట్యాంకు అన్న మాట మీద నొక్కారు. దుప్పటి నిండా ట్యాంకు ఫోటో వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ ట్యాంకు కిందే కాపురం ఉంటున్న జనం, దేవుడి గుళ్ళో తెర తీసినట్టు లేచి నిలబడి చూశారు.

ముందుగా చప్పట్లు కొట్టింది 203లో ఉండే గవర్రాజు. అతను ఒక విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజరు. ఎక్సెల్ అంటే అతనికి భక్తి. గడికి రంగు వేస్తే సగం పని అయిపోయినట్టే అనుకునే మనిషి. లేచి నిలబడి, ఇలాంటి పారదర్శకత కోసమే మనం ఇన్నాళ్ళూ ఎదురు చూస్తున్నామనీ, తీర్మానాన్ని తాను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాననీ చెప్పాడు. ప్రెసిడెంటు కోటిలింగం గారు, పూర్వం టైల్స్ వ్యాపారం చేసినాయన, "ప్రాసెస్ ప్రాసెస్సేనండి" అని ముక్తాయించారు. ఆయన ఏ మీటింగులోనైనా అనే మాట అదే.

ఇంటికొచ్చి అన్నం తింటున్నంతసేపూ గవర్రాజు ఆ నీలం అక్షరాల గురించే చెప్పాడు. అతని భార్య సుభాషిణి అంతా విని, ఇంతకీ ట్యాంకు కడిగారా లేదా తేలిందా అని అడిగింది.

"ఫోటో మాత్రం చాలా స్పష్టంగా ఉంది," అన్నాడు గవర్రాజు.

కొత్త పద్ధతి త్వరలోనే పట్టాలెక్కింది. 102లో ఉండే బ్యాంకాయన, మెట్ల మీద చీకటిగా ఉందని తనే ఒక బల్బు కొనుక్కొచ్చి పెట్టాడు. సోమయాజులు గారు ఆయన్ని పిలిచి, పాత బల్బు పోయినట్టు ఫోటో ఉందా, కొత్తది పెడుతున్నట్టు వీడియో ఉందా అని మర్యాదగానే అడిగారు. లేవు. అయితే ఆ బల్బు మార్చడం జరగలేదు. జరగని పని తాలూకు బల్బు మెట్ల మీద వెలుగుతూ ఉంటే రికార్డుకి విరుద్ధం. కాబట్టి వాచ్‌మన్ చేత దాన్ని తీయించి, చెత్తబుట్టలోంచి పోయిన బల్బు వెతికించి, మళ్ళీ బిగించి, పూర్వస్థితి నెలకొల్పారు. ఆ మధ్యాహ్నమే తీర్మానం కూడా అయింది. ఆధారం లేని మరమ్మతు చెల్లదు, అలాంటిది కనబడితే విప్పి పూర్వస్థితికి తేవాలి. దాన్ని బలపరిచింది కూడా గవర్రాజే.

ఇంకో రోజు కింద అంతస్తు వాళ్ళు డ్రైనేజీ వాసన వస్తోందని చెప్పడానికి వచ్చారు. సోమయాజులు గారు చాలా ఆలోచించారు. ఫోటోకి ఫైలు ఉంది, చప్పుడుకి ఫైలు ఉంది, ఉత్తరానికి ఫైలు ఉంది. వాసనకి లేదు. కాబట్టి హంసధ్వని రెసిడెన్సీలో వాసన లేదని వాళ్ళకి నచ్చజెప్పి పంపించారు. వాళ్ళు కూడా చదువుకున్న వాళ్ళు కాబట్టి ఒప్పుకుని, ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా గవర్రాజు పడకగది సీలింగు మీద మరక వచ్చింది.

ఆ పడకగది పేరుకే పడకగది. పగలంతా అది సుభాషిణి కుట్టు గది. కిటికీ పక్కన మిషను, గోడకి దండెం, దండెం మీద వీధిలో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు. ఆవిడ కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదని పేరు. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే గది అదొక్కటే. మరక సరిగ్గా మిషను నెత్తినే వచ్చింది. మొదట అప్పడమంత ఉండేది. తర్వాత పళ్ళెమంత అయింది. తర్వాత చుక్క పడింది. ఆ చుక్క ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు మీద పడింది.

"ఏవండీ, పైన సెక్రటరీ గారి బాత్రూం కారుతున్నట్టుంది. ఒక్కసారి వెళ్ళి చెప్పి రండి," అంది సుభాషిణి. నిజానికి అంతకంటే చేయవలసింది ఏమీ లేదు. 303 సోమయాజులు గారిదే. మెట్లెక్కి చెబితే అయిపోతుంది.

గవర్రాజు మెట్లెక్కి చెప్పాడు. సోమయాజులు గారు కుర్చీ వేశారు. ఆయన భార్య కనకం గారు కాఫీ ఇచ్చారు. అంతా విన్నాక సోమయాజులు గారు, మీరు నోటితో చెప్పింది సమాచారం మాత్రమేననీ, లింకు పెడితే ఫిర్యాదు అవుతుందనీ అన్నారు. పైగా ఒక్క లింకు చాలదు. అయిదు గడులున్నాయి. ఫోటో, వీడియో, ఆడియో, పీడీఎఫ్, ఎక్సెల్. ఒక్కో రకం ఫైలు ఒక్కో సాక్షి. అయిదుగురు సాక్షులూ ఒకటే మాట చెబితే వరుస పచ్చబడుతుంది. పచ్చబడ్డాకే ప్లంబరుకి కబురు.

"మీ బాత్రూమేనండీ," అన్నాడు గవర్రాజు. "మీరు ఒకసారి తలుపు తీసి చూస్తే..."

"చూడగలను. కాని నేను చూసినదాన్ని గడిలో పెట్టలేను కదండీ."

ఈ మాటలో గవర్రాజుకి ఎక్కడా తప్పు కనిపించలేదు. కాఫీ బాగుందని చెప్పి కిందకి దిగాడు.

ఫోటో తేలికే అనుకున్నాడు. కాని మరక ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన మనిషి ఉండాలన్నారు. స్టూలెక్కి, మరక పక్కన తల పెట్టి, సుభాషిణి చేత తీయించుకున్నాడు. ఫోటో అనగానే నవ్వడం అలవాటు కాబట్టి నవ్వాడు. ఫిర్యాదుదారు సంతోషంగా ఉన్నట్టు కనబడుతోందని అది వెనక్కి వచ్చింది. రెండోసారి ఏడుపు మొహం పెట్టాడు. అది ఆమోదం పొందింది.

ఉత్తరం కాగితం మీద రాసి ఫోటో తీసి పంపితే, ఇది ఉత్తరం కాదు, ఉత్తరం ఫోటో, ఫోటో గడిలో ఇప్పటికే మీరున్నారు అన్నారు. జిరాక్సు షాపుకి వెళ్ళి పీడీఎఫ్ చేయించాడు. వీడియోలో చుక్క కింద పడడం కనబడింది గాని పైన బయల్దేరడం కనబడలేదు. మళ్ళీ తీశాడు. ఎక్సెల్ గడి కోసం ఏ పూట ఎన్ని చుక్కలు పడ్డాయో ఒక పట్టిక తయారు చేశాడు. ఎక్సెల్ షీటుకి ఇంకో ఎక్సెల్ షీటు సాక్ష్యమేమిటండీ అని సుభాషిణి అడిగితే, నీకు తెలీదులే అన్నాడు గాని, అతనికీ తెలీదు.

అన్నిటికంటే కష్టమైంది ఆడియో. ఫ్యాను ఆపి, కిటికీ వేసి, భార్యాభర్తలిద్దరూ ఊపిరి బిగబట్టి ఫోను పట్టుకుని నిలబడితే చుక్క పడదు. విసుగొచ్చి ఆపేస్తే పడుతుంది. చివరికి ఒక మధ్యాహ్నం చుక్క దయతలచి బిందెలో టప్పున పడింది. సరిగ్గా అదే క్షణంలో పక్క 204లో కుక్కరు కూసింది. ఫైలు విన్న సోమయాజులు గారు, ఇందులో ప్రధానంగా వినబడేది కుక్కరు కాబట్టి ఇది 204 వారి శబ్ద కాలుష్యం కింద నమోదవుతుందన్నారు. ఆ సాయంత్రమే 204 వాళ్ళకి నోటీసు వెళ్ళింది. వాళ్ళు గవర్రాజుతో మాటలు మానేశారు. అయితే కుక్కరు కూడా మానేశారు కాబట్టి మర్నాడు ఆడియో చక్కగా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ షీటుని సోమయాజులు గారు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపేవారు. అందరూ నీలం అక్షరాల మీద నొక్కేవారు. ఎవరికీ ఏమీ తెరుచుకునేది కాదు. ఫైలు దొరకలేదని వచ్చేది. ఎంచేతంటే ఆ ఫోటోలూ వీడియోలూ అన్నీ ఆయన ఇంట్లో ఉన్న కంప్యూటర్లో, ఆయన చేసుకున్న ఒక ఫోల్డర్లో ఉన్నాయి. లింకు అక్కడికే వెళుతుంది. ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే తప్ప మరెక్కడా తెరుచుకోదు.

జనం ఈ సంగతి మెల్లిగా ఆయన దృష్టికి తెచ్చారు. సోమయాజులు గారు పరిశీలించి, "లింకు సరిగ్గానే ఉందండీ. మీరున్న చోటు సరిగ్గా లేదు," అని తేల్చారు. సభ్యుల సౌకర్యార్థం రోజూ సాయంత్రం ఆయన ఇంట్లోనే దర్శన వేళలు పెట్టారు. ఫైళ్ళన్నీ అందరికీ అందేలా ఇంటర్నెట్లో పెట్టేయొచ్చు కదండీ అని గవర్రాజు ఒక్కసారి నసిగాడు. "మన బాత్రూముల ఫోటోలు ఎక్కడో పరాయి వాళ్ళ కంప్యూటర్లో పెట్టమంటారా?" అని ఆయన అడిగిన తీరుకి గవర్రాజుకే సిగ్గేసింది.

దర్శన వేళలకి మంచి ఆదరణ వచ్చింది. సీరియళ్ళు మానేసి మరీ వచ్చేవారు. కంప్యూటరు గది నుంచి హాల్లో టీవీకి తీగ లాగించారు. సోఫాలో జాగా చాలక తివాచీ మీద కూర్చునేవారు. గవర్రాజు చుక్క వీడియోకి ప్రత్యేకంగా అభిమానులు ఏర్పడ్డారు. చుక్క మెల్లిగా ఊరి, లావై, వేలాడి, పడేసరికి అందరూ ఒక్కసారి నిట్టూర్చేవారు. కోటిలింగం గారు దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకుని, మీ ఫోను ఏ కంపెనీదండీ అని అడిగారు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయని ఎవరూ అడగలేదు. ఆ వీడియో చూస్తున్న హాలుకి రెండు గదుల అవతలి నుంచే వస్తున్నాయి.

వచ్చిన వాళ్ళందరికీ కనకం గారు కాఫీ ఇచ్చేవారు. మొదట్లో నవ్వుతూ ఇచ్చేవారు. తర్వాత ఇచ్చేవారు.

ఒక రోజు ఉపద్రవం జరిగింది. సోమయాజులు గారు పొద్దున్నే లేచి, ఫోల్డరు పేరు 'కంప్లైంట్లు' అని ఉండడం హుందాగా లేదనిపించి, 'గౌరవ సభ్యుల విన్నపములు' అని మార్చారు. అదే పొద్దున్న కనకం గారు గది ఊడుస్తూ కంప్యూటరు బల్లని మూరెడు పక్కకి జరిపారు. సాయంత్రం జనం వచ్చి కూర్చున్నాక చూస్తే ఒక్క లింకూ తెరుచుకోలేదు. లిఫ్టు లేదు, గేటు లేదు, చుక్క లేదు. జనం తాగని కాఫీ గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

సోమయాజులు గారు అన్నిటి మీదా మళ్ళీ మళ్ళీ నొక్కారు. కొత్త పేరు అచ్చిరాలేదేమోనని ఫోల్డరుకి పాత పేరే పెట్టారు. బల్లని కూడా పాత చోటుకే జరిపించారు. లింకులన్నీ తెరుచుకున్నాయి.

ఆయన ఆడిట్ మనిషి. కారణం తేల్చకుండా వదలరు. రెండే మార్పులు జరిగాయి, పేరు, బల్ల. పేరు మార్చుకున్నంత మాత్రాన మనిషి తన ఇంటికి తాను వెళ్ళలేకపోతాడా? వెళతాడు. కాబట్టి పేరు కాదు. బల్లే. ఇంత తేలికైన విషయం ఇన్నాళ్ళూ కంప్యూటరు కంపెనీల వాళ్ళు ఎందుకు చెప్పలేదో అని ఆశ్చర్యపోతూ, బల్ల నాలుగు కాళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీశారు. ఆ బల్ల ఎట్టి పరిస్థితిలోనూ కదలరాదని కమిటీ తీర్మానించింది. కనకం గారు ఆ గీతల్లోపల ఊడవడం మానేశారు.

ఇదంతా అయ్యాక గవర్రాజు వరుసలో అయిదు గడులూ పచ్చబడ్డాయి. సోమయాజులు గారు స్వయంగా ఫోను చేసి అభినందించారు. ప్లంబరు నూకరాజు వచ్చాడు. 203లో సీలింగు చూశాడు, 303లో బాత్రూం చూశాడు, గోడకి చెవి ఆన్చి విన్నాడు.

"ఈ గోడలోనేనండి పైపు కారతంది. అటుపక్కనించి గోడ కొట్టాలండి. ఆ బల్ల కూసింత ఇటు లాగితే మజ్జానం బోయినాలకి అయిపోద్ది," అన్నాడు.

అటుపక్క అంటే కంప్యూటరు గది. బల్ల అంటే ఆ బల్లే.

సోమయాజులు గారు సుద్ద గీతల వంక చూశారు. తర్వాత చాలా బాధతో, అది తప్ప ఇంకేదైనా చెప్పవోయ్ అన్నారు. పక్క ఫ్లాటు వాళ్ళ పూజగది వైపు నుంచి కొట్టొచ్చు అన్నాడు నూకరాజు. పక్క ఫ్లాటు వాళ్ళు దేవుళ్ళని జరపం అన్నారు. బాత్రూం వాడకం మానేస్తే కారడం ఆగుతుందన్నాడు. దానికి సోమయాజులు గారు, వ్యక్తిగత ప్రయోజనం కోసం సెక్రటరీ స్నానం మానడం సంప్రదాయం కాదన్నారు.

అత్యవసర కమిటీ కూర్చుంది. బల్ల జరపడానికి అనుమతి ఇవ్వాలంటే షీటులో ఒక వరుస తెరవాలి. ఆ వరుసకి ఆధారం కావాలి. ఏం ఆధారం? బల్ల జరిపిన తర్వాత కూడా లింకులు తెరుచుకుంటున్నట్టు ఒక వీడియో. ఆ వీడియో జత చేస్తే జరపడానికి అనుమతి పరిశీలిస్తామన్నారు.

"జరపకుండా ఆ వీడియో ఎలా వస్తుందండీ?" అని అడిగాడు గవర్రాజు.

"అది మీ సౌకర్యం," అన్నారు సోమయాజులు గారు.

"ప్రాసెస్ ప్రాసెస్సేనండి," అన్నారు కోటిలింగం గారు.

గవర్రాజు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పేసరికి సుభాషిణి లేచి, మిషను కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి జరిపింది. మరక కూడా ఆ వైపుకే వచ్చింది. గుమ్మం దగ్గర వెలుతురు చాలక ఒక జాకెట్టుకి చేతులు తారుమారయ్యాయి. ఆ జాకెట్టు మనిషి ఇంక ఇటు రాలేదు. ఒక్కొక్కళ్ళే దండెం మీద గుడ్డలు వెనక్కి పట్టుకుపోతున్నారు. తడి వాసన వస్తోందండీ అంటున్నారు. వాసన లేదని సెక్రటరీ గారు తేల్చారని చెబుదామా అనుకుంది గాని, నవ్వు రాలేదు.

ఒక రోజు పొద్దున్న, ఆవిడ పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిన అరనిమిషానికి, సీలింగు పెచ్చు ఊడి మిషను మీద పడింది. మిషను చక్రం వంగిపోయింది. ఆవిడ అంతవరకూ కూర్చున్న స్టూలు మీద తలగడంత సిమెంటు ముద్ద ఉంది.

కమిటీ వాళ్ళు పరుగున వచ్చారు. అందరూ పైకి చూశారు. సోమయాజులు గారు ఫోనులో ఏదో వెతికి, సీలింగు వంక చూసి, మళ్ళీ ఫోను వంక చూసి, గొంతు సవరించుకున్నారు. నమోదైన ఫిర్యాదు సీలింగు మీద మరక గురించి అన్నారు. ఆధారాలన్నీ మరకవే. ఇప్పుడు చూస్తే మరక ఉన్న సీలింగే లేదు. ఫోటోలో ఉన్నది ఎదురుగా లేదు కాబట్టి ఫిర్యాదు పరిష్కారమైనట్టు పరిగణించాలి. కొత్త పద్ధతిలో సమూలంగా పరిష్కారమైన మొదటి ఫిర్యాదు ఇదేనంటూ గవర్రాజు చేయి పట్టుకుని ఊపారు.

గవర్రాజు సిమెంటు దుమ్ములో నిలబడి, అలవాటు కొద్దీ, థాంక్సండీ అన్నాడు. అన్నాక భార్య మొహం చూశాడు. చూడకుండా ఉండవలసింది.

ఆ సాయంత్రం సుభాషిణి ఒక్కతే మెట్లెక్కి 303కి వెళ్ళింది. హాల్లో దర్శనం జరుగుతోంది. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. కనకం గారు డికాక్షను గిన్నె ముందు నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్," అన్నారు కనకం గారు, "ఎల్లుండి వీళ్ళందరూ రాజమండ్రి వెళుతున్నారుట. అపార్ట్‌మెంట్ల సమాఖ్య వాళ్ళు ఈ షీటు చూస్తారుట. పొద్దున్న వెళితే దీపాల వేళకి గాని రారు. నేను ఆ బల్ల కింద ఊడ్చి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?"

సుభాషిణికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

గవర్రాజు భయపడ్డాడు. అది కమిటీ తీర్మానమన్నాడు. తను బలపరిచిన తీర్మానమన్నాడు. బయటపడితే బల్బుకి పట్టిన గతే పడుతుందన్నాడు. బాగు చేసిన గోడ మళ్ళీ పగలగొట్టి, పైపుకి మళ్ళీ చిల్లు పెట్టి, పూర్వస్థితి నెలకొల్పుతారన్నాడు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

"బలపరిచిన చేతులే కదండీ," అంది సుభాషిణి. "ఆ చేతుల్తోనే బల్ల ఓ పక్క పట్టుకోండి."

కమిటీ కారు గేటు దాటగానే నూకరాజు సంచీతో పైకొచ్చాడు. నలుగురూ నాలుగు పక్కలా పట్టుకుని బల్ల జరిపారు. సుద్ద గీతలు చెరగకుండా కనకం గారు వాటి మీద పాత చీర పరిచారు. గోడ కొట్టారు, పైపు మార్చారు, సిమెంటు మెత్తారు. మధ్యాహ్నం భోజనాలకి అయిపోయింది. కనకం గారు బల్ల కింద చోటంతా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ రోజు మొదటిసారి తన కోసం కాఫీ కలుపుకున్నారు. తర్వాత బల్లని గీతల్లోకి తెచ్చి దించారు.

అక్కడ రాజమండ్రిలో సోమయాజులు గారు నీలం అక్షరాల మీద నొక్కారు. కంప్యూటరు కాకినాడలో ఉంది కాబట్టి ఒక్కటీ తెరుచుకోలేదు. లింకు సరిగ్గానే ఉంది, మనమున్న చోటు సరిగ్గా లేదు అని ఆయన సభకి వివరించారు. ఏమీ కనబడకపోవడంతో ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. సమాఖ్య వాళ్ళు ముచ్చటపడి, జిల్లాలో అన్ని అపార్ట్‌మెంట్లలోనూ ఈ పద్ధతే పెట్టాలని తీర్మానించి, ఆయనకి శాలువా కప్పారు.

శాలువాతోనే ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. అన్నీ తెరుచుకున్నాయి. తృప్తిగా వెనక్కి వాలబోతూ గోడ తడిమి, ఇదేమిటే తడిగా ఉందీ అన్నారు.

"అందులో పైపు కారుతోందని మీ షీటులోనే రాశారు కదా," అన్నారు కనకం గారు. "పొడిగా ఉంటే అప్పుడు కంగారు పడండి."

ఆయనకి అది నిజమే అనిపించింది.

కొన్నాళ్ళకి గోడ ఆరిపోయింది. కింద 203లో సీలింగు కూడా ఆరింది. గవర్రాజు మేస్త్రీని పిలిచి పెచ్చు ఊడిన చోట కొత్తగా ప్లాస్టరింగు చేయించాడు. అది ఇంటి లోపలి పని కాబట్టి అసోసియేషనుకి సంబంధం లేదు. మిషనుకి కొత్త చక్రం వేయించారు. మిషను మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. దండెం మీద జాకెట్లు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి.

అంతా సర్దుకుంది అనుకుంటుండగా సమీక్షా సమావేశం వచ్చింది. సోమయాజులు గారు షీటు అంతా చూసి ఒక అనుమానం బయటపెట్టారు. 203 వారి మరక ఫిర్యాదు ముగిసింది. బాగానే ఉంది. కాని పైపు బాగు చేసినట్టు ఎక్కడా వరుస లేదు. అంటే రికార్డు ప్రకారం పైపు ఇంకా కారుతోంది. మరి కారుతుంటే కొత్త సీలింగు మీద కొత్త మరక రావాలి, గవర్రాజు గారు కొత్త ఫిర్యాదు ఇవ్వాలి. ఇవ్వలేదు. ఆధారం లేకుండా ఎవరైనా మరమ్మతు చేయించారా?

అందరూ గవర్రాజు వైపు తిరిగారు. అవునంటే గోడ పగులుతుంది. భార్య మిషను మళ్ళీ గుమ్మంలోకి వస్తుంది. వాళ్ళావిడ వెనక వరసలో కనకం గారి పక్కన కూర్చుని ఉంది. గవర్రాజు లేచాడు. ఏడుపు మొహం పెట్టడం అతనికి ఈపాటికి బాగా వచ్చు.

"అధ్యక్షా," అన్నాడు, "సదరు నీరు ఎవరి ప్రమేయమూ లేకుండా, తనంతట తానుగా విరమించుకున్నది. ఇందుమూలంగా తమకు తెలియజేసుకుంటున్నాను."

ఆ భాష కమిటీకి నచ్చింది. కోటిలింగం గారు తలాడించారు. సోమయాజులు గారు కూడా ఒక కొత్త వరుస తెరిచి, 'స్వయంగా విరమించినది' అని రాసుకున్నారు. రాసుకున్నాక కళ్ళజోడు మీదుగా చూసి, ఆధారం అన్నారు.

పడని చుక్కకి ఫోటో ఎలా తీయనండీ అని అడిగాడు గవర్రాజు. నిజమే, దానికి ఏ రకం ఫైలు పెట్టాలో ఎవరికీ తోచలేదు. చాలాసేపు చర్చ జరిగింది. అప్పుడు వెనక వరస నుంచి సుభాషిణి, మా ఇంటికొచ్చి పైకి చూడొచ్చు కదండీ అంది.

ఆ ప్రతిపాదన కమిటీని కలవరపెట్టింది. వస్తువుని నేరుగా చూసి వాళ్ళకి చాలా కాలమైంది. కాని వేరే దారి లేక బయల్దేరారు.

గదిలో అందరూ మెడలెత్తి నిలబడ్డారు. సీలింగు తెల్లగా, పొడిగా ఉంది. అందులో చూడ్డానికి ఏమీ లేకపోవడంతో ఎంతసేపు చూడాలో తెలియడం లేదు. సుభాషిణి మిషను దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

సోమయాజులు గారు స్టూలు వేయించుకుని ఎక్కారు. పాత మరక ఉన్న చోటుకి మొహం దగ్గరగా పెట్టి చూశారు. తర్వాత చూపుడువేలు చాచి, కొత్త ప్లాస్టరింగు మీద టకటకమని రెండుసార్లు నొక్కారు. నొక్కి ఆగారు. కింద అందరూ ఆగారు. కాసేపయ్యాక మళ్ళీ రెండుసార్లు నొక్కారు.

"ఇది తెరుచుకోవట్లేదండీ," అన్నారు.

"తెరుచుకోకూడదనే కదండీ మా ఏడుపంతా," అంది సుభాషిణి, తలెత్తకుండా.

సోమయాజులు గారు స్టూలు దిగారు. వేలు వంక చూసుకున్నారు. దానికి సున్నం అంటుకుంది, తడి లేదు. ఆ వేలిని ఏ గడిలో పెట్టాలో ఆలోచిస్తూ కిటికీకి అడ్డంగా అలాగే నిలబడిపోయారు.

"కొంచెం పక్కకి జరగండి సెక్రటరీ గారూ," అంది సుభాషిణి. "జాకెట్టు మీద నీడ పడుతోంది."

ఆయన ఏ అనుమతీ అడక్కుండా పక్కకి జరిగారు. ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది.